బ్రోచర్‌లో పన్నెండు క్లబ్బులు, టైంటేబుల్లో ఒక్క పీరియడ్

క్లుప్తంగా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రైవేటు బడుల్లో క్లబ్బుల పేర్లు ఏటా పెరుగుతున్నాయి. వాటిలో ఏది నడుస్తుంది, ఏది గోడ మీద పేరుగా మిగులుతుంది అన్నది ఫీజును బట్టి తేలడం లేదు. టైంటేబుల్లో దానికి చోటుందా, టీచరు పనిలో అది లెక్కకొస్తుందా, పిల్లలు తేల్చుకోవడానికి అందులో ఏమైనా మిగిలిందా అన్న మూడు విషయాలు దాన్ని తేలుస్తున్నాయి. ఎన్‌సీసీ, స్కౌట్స్ నిలబడటానికీ, రోబోటిక్స్ ఉత్త ‘క్లాసు’గా మారిపోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

ఏప్రిల్ వచ్చిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డు మీదా, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదా స్కూళ్ల ఫ్లెక్సీలు మారతాయి. ఒకప్పుడు వాటి నిండా పాస్‌పోర్టు ఫొటోలు, కింద మార్కులు, హాల్ టికెట్ నంబర్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడు మార్కుల వరస కింద మరో వరస చేరింది: రోబోటిక్స్ క్లబ్, ఎకో క్లబ్, లిటరరీ క్లబ్, హెరిటేజ్ క్లబ్, హెల్త్ అండ్ వెల్‌నెస్ క్లబ్. జూన్ 12న బడి తెరిచాక పుస్తకాల కట్టతోపాటు చేతికొచ్చే డైరీలోనూ ఇవే పేర్లుంటాయి. దసరా సెలవుల ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు, “మా వాడు ఏ క్లబ్బులో ఉన్నాడు మేడమ్?” అని. క్లాస్ టీచరు రిజిస్టరు తిరగేస్తుంది. తల్లికి తెలియకపోతే సరే, చాలాసార్లు పిల్లవాడికీ తెలియదు.

మాటలోనే ఉన్న తికమక

విద్యార్థి సంఘం అనగానే ఈ జిల్లాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది కలెక్టరేట్ ముందు ధర్నా. ఏఐఎస్‌ఎఫ్ 1936లో, ఏబీవీపీ 1949లో, ఎస్‌ఎఫ్‌ఐ 1970లో పుట్టాయి. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, హాస్టల్ భోజనం మీద రోడ్డెక్కేవి ఇవే. వీటి బలం కాలేజీల్లో ఉంది. విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ నివేదిక 2006లో వచ్చింది. అదీ కాలేజీలకూ యూనివర్సిటీలకే. డిగ్రీ విద్యార్థి పోటీ చేయాలంటే 17 నుంచి 22 ఏళ్ల మధ్య ఉండాలంది. బడి పిల్లల ఊసు అందులో లేదు.

అందుకే ప్రైవేటు యాజమాన్యాలు ‘సంఘం’ అన్న మాట జోలికి పోవు. కౌన్సిల్ అంటాయి, క్యాబినెట్ అంటాయి, లేదంటే క్లబ్ అంటాయి. తమాషా ఏమిటంటే ఆ మాటకూ ఇక్కడ పాత వాసన ఉంది. అరవై దాటిన తాతగారికి క్లబ్బు అంటే సాయంత్రం పేకముక్కలు పడే చోటు. మనవరాలు “క్లబ్బులో చేరాను తాతయ్యా” అంటే ఆయన కళ్లద్దాలు తీసి చూడటంలో వింతేమీ లేదు.

మాట సంగతి వదిలేస్తే అసలు చిక్కు వేరే ఉంది. ఒకదానితో ఒకటి పోలిక లేని నాలుగైదు పనులను ఆ ఒక్క పేరు కిందే పెడుతున్నారు.

ఒకే పేరు, వేర్వేరు పనులు

మొదటి రకానికి నిబంధనలు బడి బయట ఉంటాయి. ఎన్‌సీసీ 1948 నాటి చట్టంతో పుట్టింది. బడుల్లో దాని జూనియర్ విభాగం రెండేళ్లు నడుస్తుంది. శిక్షణ పూర్తిచేసి, క్యాంపుకెళ్లొచ్చి, పరీక్ష రాస్తే ‘ఏ’ సర్టిఫికెట్ వస్తుంది. క్యాడెట్లు ఎంతమందో బెటాలియన్ నిర్ణయిస్తుంది, కరస్పాండెంట్ కాదు. ఖర్చంతా తామే భరించే పద్ధతిలో ప్రైవేటు బడులు కూడా దళం తెచ్చుకోవచ్చు గానీ, పరేడ్ ఎన్నిసార్లు, హాజరు ఎంత అన్నది మాత్రం వాళ్ల చేతిలో ఉండదు. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ తీరూ అంతే. ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కారం. మెట్టు మెట్టుకూ పరీక్ష, మెట్టు మెట్టుకూ వ్యవధి. తొందరపడి ఒక్క ఏడాదిలో ముగించేద్దామంటే కుదరదు.

రెండో రకాన్ని క్యాలెండర్ క్లబ్బులు అనవచ్చు. ఎకో క్లబ్బు జూన్ 5న మొక్క నాటుతుంది. సైన్స్ క్లబ్బు ఫిబ్రవరి 28న, మ్యాథ్స్ క్లబ్బు డిసెంబరు 22న నిద్ర లేస్తాయి. ఆగస్టు 29 మరీ ఇరుకు: అదే రోజు తెలుగు భాషా దినోత్సవం, అదే రోజు జాతీయ క్రీడా దినోత్సవం. ఒకే మైదానంలో గిడుగు వారి పటానికి దండ, ఆ పక్కనే కబడ్డీకి ముగ్గు గీతలు. పండగ ముగిశాక మిగతా 364 రోజులూ ఆ క్లబ్బు పేరు ఎవరూ తలవరు.

మూడో రకం బయటి కంపెనీలు నడిపేది: రోబోటిక్స్, అబాకస్, కరాటే, వెస్టర్న్ డ్యాన్స్. వారానికోసారి మాస్టారు వస్తాడు, కిట్టు పంచుతాడు, పుస్తకంలో పాఠం వరసగా చెబుతాడు. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. కొందరు పిల్లలు చక్కగా నేర్చుకుంటారు కూడా. అయితే అది క్లాసు, క్లబ్బు కాదు. వచ్చే వారం ఏం చేద్దామని అక్కడ ఎవరూ పిల్లల్ని అడగరు.

ఇక పిల్లల్ని జట్లుగా విడగొట్టే హౌస్‌లు, స్కూల్ ప్యూపిల్ లీడర్, క్యాబినెట్. వాటి సంగతి వేరుగా చెప్పుకోవాలి.

నాలుగింటికి కదిలే వ్యాను

అమెరికాలోనూ ఇంగ్లండులోనూ బడి క్లబ్బులు చాలావరకు చివరి గంట కొట్టాక మొదలవుతాయి. మన ఫ్లెక్సీల మీది పేర్లు అక్కడి నుంచి వచ్చాయి, ఆ సాయంత్రం మాత్రం రాలేదు. నెల్లూరు నగరంలోని బడికి కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి పిల్లలు పసుపుపచ్చ వ్యానుల్లో వస్తారు. ఒంగోలుకైతే చీమకుర్తి, టంగుటూరు, కొత్తపట్నం, మద్దిపాడు. వ్యాను కదిలే వేళకు ఎక్కకపోతే ఇల్లు చేరే దారి లేదు. ఒక క్లబ్బు కోసం పదిమందిని ఆపితే, ఆ పదిమందికోసం మరో ట్రిప్పు డీజిలు. ఏ ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జీ దానికి ఒప్పుకోడు.

కాబట్టి క్లబ్బు బడి వేళల్లోనే ఇమడాలి. ఇమిడేది ఎక్కడ? మామూలుగా శనివారం ఆఖరి పీరియడ్‌లో. అదే శనివారం వారాంతపు పరీక్ష ఉంటుంది. పేపర్లు దిద్దడం, మార్కులు యాప్‌లో ఎక్కించడం, తక్కువ వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ చదివించడం అంతా ఆ ఆఖరి పీరియడ్ మీదే పడుతుంది. జూన్‌లో క్లబ్, ఆగస్టులో ‘క్లబ్ లేదా స్టడీ’, నవంబరుకల్లా ఉత్త స్టడీ. ఎవరూ సర్క్యులర్ తీసి క్లబ్బును రద్దు చేయరు. ఇంకు ఆరినట్టు అదే ఆరిపోతుంది.

సాయంత్రం స్టడీ అవర్ ఉన్న బడుల్లో కథ కాస్త వేరు. అక్కడ పిల్లలు అయిదున్నర దాకా ఉంటారు, వ్యాన్లూ అప్పుడే కదులుతాయి. క్లబ్బుకు సమయం నిజానికి అక్కడే ఉంది. కానీ ఫీజు కట్టిన తల్లిదండ్రులు కొన్నది ఆ గంటన్నర చదువునే. ఈ ప్రాంతపు బడి సంస్కృతి కోచింగ్ సెంటర్ల నుంచి పెరిగిందన్నది మరచిపోకూడదు. దేశమంతా విస్తరించిన నారాయణ విద్యాసంస్థలు కూడా 1979లో నెల్లూరులో ఒక చిన్న కోచింగ్ కేంద్రంగానే మొదలయ్యాయి. ర్యాంకు కోసం గంటలు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ వేళ్లూనుకున్నది.

రెసిడెన్షియల్ బడులకు ఈ వ్యాను బాధ లేదు. నవోదయ విద్యాలయాల్లో సాయంత్రం ఆటలు, హౌస్ పోటీలు దినచర్యలో భాగం. పిల్లలు అక్కడే ఉంటారు, టీచర్లూ ఆవరణలోనే కాపురముంటారు. వాటిలో ఒక హౌస్ పేరు ఉదయగిరి. దేశమంతటా అదే పేరు. నెల్లూరు జిల్లా పిల్లలు అది మన ఉదయగిరే అనుకుని మురిసిపోవడం మాత్రం సహజం.

ఇన్‌ఛార్జి టీచరు లెక్క

విద్యాహక్కు చట్టం, 2009 తన షెడ్యూలులో టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అంటుంది, పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి. అదే షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే చిత్రకళ వంటి కళలకు, ఆరోగ్య–వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలి. ఆటస్థలం, లైబ్రరీ కూడా షెడ్యూలులోవే. అంటే క్లబ్బులకు కావలసిన మనుషుల్లో సగం చట్టం ప్రకారమే బడిలో ఉండాలి.

వాస్తవంలో మధ్యతరగతి ప్రైవేటు బడిలో పీఈటీ సారు ఒకడే. ఉదయం ప్రార్థన వరసలు, యూనిఫాం తనిఖీ, వ్యాన్ల దగ్గర కాపలా అన్నీ ఆయనే. క్లబ్బు ఇన్‌ఛార్జి పని సోషల్ మేడమ్‌కో బయాలజీ సారుకో తగులుతుంది. రోజుకు ఆరేడు పీరియడ్లు చెప్పాక ఇది అదనం. జీతంలో కనిపించదు, పీరియడ్ల లెక్కలోనూ కనిపించదు. పైగా ప్రైవేటు టీచర్లు ఏడాది మధ్యలో బడి మారడం మామూలు. డీఎస్సీ నోటిఫికేషన్ పడితే సగం స్టాఫ్‌రూమ్ కోచింగుకు పోతుంది. బయాలజీ సారుతోపాటు నేచర్ క్లబ్బూ వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన సారుకు బీరువాలో పాత చార్టులు తప్ప ఏమీ దొరకదు.

ఎన్‌సీసీలో ఇలా జరగకపోవడానికి కారణం క్రమశిక్షణ ఒక్కటే కాదు. అక్కడ టీచరుకు శిక్షణ ఇచ్చి అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ హోదా ఇస్తారు. యూనిఫాం ఉంటుంది, పేరు రికార్డుల్లో ఉంటుంది. ఆ పని ఆయనది అని బడికీ తెలుసు, బెటాలియన్‌కూ తెలుసు.

రశీదులో ఏ వరస?

ప్రభుత్వ బడుల్లో యూత్, ఎకో క్లబ్బులకు సమగ్ర శిక్ష నుంచి ఏటా గ్రాంటు వచ్చే ఏర్పాటుంది: ప్రాథమిక బడికి 5,000 రూపాయలు, ప్రాథమికోన్నతకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు. ఎప్పుడొస్తుంది, పూర్తిగా వస్తుందా అన్నవి అలా ఉంచితే, ఆ డబ్బు దేనికో రాసి ఉంటుంది. ప్రైవేటు బడికి ఆ గ్రాంటు లేదు. క్లబ్బు ఖర్చు తల్లిదండ్రుల నుంచే రావాలి.

అది ‘యాక్టివిటీ ఫీజు’ పేరుతో విడిగా రావచ్చు, టర్మ్ ఫీజులో కలిసిపోవచ్చు, కొన్నిచోట్ల పుస్తకాల కట్టలో కిట్టు రూపంలో వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రైవేటు బడుల ఫీజులు ఖరారు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. ఆ డిసెంబరులోనే హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తర్వాత ఏ పద్దు కింద ఎంత అన్నది మళ్లీ బడి రశీదు పుస్తకానికే వదిలినట్టయింది. విడిగా వసూలు చేస్తే తల్లి అడగగలదు, “ఈ 1,500 దేనికి?” అని. కలిపేస్తే ఆ ప్రశ్నకు తావుండదు.

ఇందులో అందరికంటే ఇరుకున పడేది ఉచిత సీట్ల పిల్లలు. విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్లను రాష్ట్రంలో 2022–23 నుంచి అమలు చేస్తున్నారు. చట్టం ప్రకారం ఫీజు ప్రభుత్వం చెల్లించాలి. డ్యాన్స్ క్లబ్బు డ్రెస్సు అద్దె, రోబో కిట్టు, పులికాట్‌కు బస్సు ఛార్జీ చెల్లించరు. తోటివాళ్లు చేస్తుంటే క్లాసులో కూర్చుని రివిజన్ చేసే పిల్ల ఏ రిజిస్టరులోనూ తేడాగా కనిపించదు. చట్టం వద్దన్న వేరుచేయడం ఇలా చప్పుడు కాకుండా జరుగుతుంది.

డబ్బు లేకుండా దొరికే దారులూ ఉన్నాయి, వాటిని బడులే పట్టించుకోవు. పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పురస్కారానికి ఒక్కో బడి ఐదు ఆలోచనలు పంపవచ్చు; ఎంపికైన పిల్లవాడి ఖాతాలో నమూనా తయారీకి 10,000 రూపాయలు పడతాయి. ప్రైవేటు బడులూ అర్హమే. పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే ప్రయోగశాలకు, అంటే 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు, 20 లక్షల దాకా సాయం ఉంది. ఫారం నింపి, పిల్లలు చెప్పిన ఆలోచనను పిల్లల మాటల్లోనే పంపే టీచరు ఒకరు కావాలి. మాట మళ్లీ టీచరు సమయం దగ్గరికే వస్తుంది.

వేలికి సిరా, చేతిలో ఏముంది?

జూలైలో ప్రైవేటు బడుల్లో ఎన్నికల సందడి. నామినేషన్లు, గుర్తులు, ప్రచారం, మొబైల్ యాప్‌లో ఓటింగ్ యంత్రం, చూపుడు వేలికి సిరా. ఫొటోలు సాయంత్రానికి స్టేటస్‌లలో. వారం తిరక్కుండా ఇన్వెస్టిచర్: భుజం మీదుగా శాష్, గుండెల మీద బ్యాడ్జి, ముఖ్య అతిథి, ప్రమాణస్వీకారం. పోలింగు ఎలా జరుగుతుందో పిల్లలకు కళ్లకు కట్టడానికి ఇది మంచి పద్ధతే.

మర్నాటి నుంచి లీడరు చేసే పనులు చూస్తే సంగతి అర్థమవుతుంది. ప్రార్థనలో “సావధాన్” చెప్పడం, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాయడం, టీచరు లేని క్లాసులో మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద వేయడం. ఓటేసి గెలిపించిన పిల్లల తరఫున పైకి మాట మోయాల్సినవాడు, పైవాళ్ల తరఫున కిందికి కాపలా కాస్తాడు. మంచినీళ్ల కుళాయి పనిచేయకపోతే ఎవరికి చెప్పాలో అతనికీ తెలియదు. స్కౌట్స్‌లో దీనికి పూర్తిగా ఎదురు ఏర్పాటు ఉంది: ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పెట్రోల్, దానికో నాయకుడు, ఆ నాయకులంతా కూర్చుని దళం ఏం చేయాలో తేల్చే సభ. మాస్టారు ఆ సభలో ఉంటాడు, సలహా ఇస్తాడు, ఓటు వేయడు.

చిన్న నిర్ణయం చాలు. ఎకో క్లబ్బు ఈసారి మైపాడు బీచ్‌కా, పెన్న గట్టుకా? హెరిటేజ్ క్లబ్బు భైరవకోనకా, లేక మార్కాపురం పలకల గనికా? రెండు వందలు మిగిలితే విత్తనాలా, భూతద్దమా? ఈ ప్రశ్నల దగ్గర పిల్లలు గొడవపడతారు, లెక్కలేస్తారు, ఒకరిద్దరు అలుగుతారు. క్లబ్బు అనేది ఆ అలకల మధ్యనే ఉంది.

ఎక్కడ పనికొస్తుంది?

తల్లిదండ్రుల ప్రశ్న సూటిగా ఉంటుంది: దీనివల్ల లాభమేంటి? జేఈఈ, నీట్ ర్యాంకుల్లో క్లబ్బులకు విలువ లేదు. సీబీఎస్ఈ బడుల్లో సహపాఠ్య అంశాలకు గ్రేడు ఇస్తారు, అది మార్కుల్లో కలవదు. ఈఏపీసెట్ ప్రవేశాల్లో ఎన్‌సీసీకి 1 శాతం, క్రీడలకు అర శాతం కోటా ఉంది. ఆ తలుపు తెరిచేది గుర్తింపు పొందిన సర్టిఫికెట్టే, బడి అచ్చువేసిన రంగుల కాగితం కాదు. ఇస్రో తొమ్మిదో తరగతి పిల్లలకు నడిపే యువిక శిక్షణకు ఎంపికలో మాత్రం స్కౌట్స్, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్ సభ్యత్వానికి 5 శాతం, సైన్స్ ఫెయిర్‌లకు, ఒలింపియాడ్లకు, ఆటలకు విడివిడిగా వెయిటేజీ ఉంది. పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే 15 శాతం. శ్రీహరికోట పక్కనే ఉన్న పిల్లలకు ఇది తెలియకపోవడం విచిత్రమే.

అమెరికా లెక్క వేరే. అక్కడ ఇంటర్ తర్వాత డిగ్రీకే వెళ్లేవారి దరఖాస్తులో క్లబ్బులు, సేవ లెక్కకొస్తాయి. మన దగ్గర ఎక్కువమంది వెళ్లేది బీటెక్ అయ్యాక, ఎంఎస్‌కు. ఆరో తరగతి డిబేట్ క్లబ్బు అక్కడ ఎవరికీ పట్టదు. “ఫారిన్ అడ్మిషన్లకు పనికొస్తుంది” అని చెప్పి క్లబ్బు అమ్మితే ఆ మాట కొద్దిమందికే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

తెలుగు క్లబ్బు ఏది?

భారతంలో పదిహేను పర్వాలు రాసిన తిక్కన నెల్లూరువాడు. అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన అద్దంకి రెడ్ల ఆస్థానంలో ఉన్నవాడు. కవిత్రయంలో ఇద్దరు ఈ నేలవాళ్లే. అయినా ఇంగ్లిషు మీడియం బడి జాబితాలో తెలుగు క్లబ్బు కోసం వెతకాలి. దొరికినా, ఆవరణలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడిలో అది ఎలా సమావేశమవుతుందో ఊహించడం కష్టం.

చదువు నుంచి సంఘం ఎలా పుడుతుందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిపూట అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సారా మీద పోరాడిన సీతమ్మ అనే ఆవిడ కథ చదివారు. తాగుడు మీద మాట్లాడుకున్నారు. తర్వాత సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైంది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్లకు బ్యాడ్జీలు లేవు, ఇన్‌ఛార్జి లేరు. చదివినదాని గురించి మాట్లాడుకునే సమయం, ఆ మాట మీద ఏదో చేయవచ్చన్న ధైర్యం ఉన్నాయి.

ముందు రాబోయేది

జాతీయ విద్యా విధానం, 2020 పాఠ్య, సహపాఠ్య అంశాల మధ్య గోడ ఉండకూడదంది; 6–8 తరగతుల మధ్య పది సంచీ లేని రోజులు సూచించింది. రాష్ట్రంలోనూ శనివారం సంచీ లేని బడి మాట వచ్చింది. 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానం బడి బయటి నేర్పుకూ క్రెడిట్లు, అంటే చదువు లెక్కలో జమయ్యే పాయింట్లు, కట్టే దారి తెరిచింది. శనివారం నిజంగా ఖాళీ అయితే వ్యాను చిక్కు సగం తీరుతుంది. క్లబ్బుకు పరీక్షతో పోటీ తప్పుతుంది.

కానీ క్రెడిట్ వచ్చిందంటే దాన్ని వేసేది బడే. పదో తరగతిలో అంతర్గత మార్కులు 20 ఉన్న రోజుల్లో ఏం జరిగిందో అందరికీ గుర్తే: ప్రాజెక్టు చేసినవాడికీ చేయనివాడికీ ఇరవైకి ఇరవై. ప్రైవేటు బడులు ఇష్టానుసారం వేస్తున్నాయన్న ఫిర్యాదుల మధ్య 2019–20 నుంచి ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. క్లబ్బు క్రెడిట్లకూ అదే గతి పట్టదని చెప్పడానికి ఇప్పటిదాకా ఏ ఏర్పాటూ కనిపించదు.

ఫ్లెక్సీ కంటే, రశీదు కంటే, క్లబ్బు గురించి ఎక్కువ చెప్పే వస్తువు బడిలో ఒకటుంది: సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం. అడిగితే చాలా బడుల్లో తెచ్చి చూపిస్తారు. కొన్నిట్లో జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం ఒకే చేతిరాత, ఒకే నీలం పెన్ను, “సభ్యులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు” అన్న ఒకే వాక్యం. తనిఖీకి ముందు రోజు కూర్చుని ఎవరో రాసేశారని తెలిసిపోతుంది. ఎక్కడో ఒక పుస్తకంలో మాత్రం చేతిరాత వారం వారం మారుతుంది, కొట్టివేతలుంటాయి, సీతాకోకచిలుక రెక్క ఒకటి సెలోటేపుతో అంటించి ఉంటుంది, కింద వంకర అక్షరాలతో: “ఈ వారం సారు రాలేదు. మేమే చేశాము.”